తెల్ల చారల తుంగ

ఆమె కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగి సర్దే అటెండరు. ల్యాబ్ వెనక నీళ్లు నిలిచే చోట గొడుగు తుంగ గుబురుగా పెరిగేది. ఒకరోజు ఆ పచ్చటి గుబురులో ఒక్క కాడ మాత్రం తెల్ల చారలతో కనిపించింది. దాన్ని వేరుతో సహా తవ్వి తెచ్చి, డాబా మీద పాత ప్లాస్టిక్ టబ్బులో బురద నింపి నాటింది.

అది మాట వినే మొక్క కాదు. పిలకల్లో సగం పచ్చగానే వచ్చేవి. వదిలేస్తే అవే కమ్మేస్తాయని ఎప్పటికప్పుడు పీకేసేది. టబ్బు నిండా చారలు రావడానికి నాలుగేళ్లు పట్టింది. "నాకంటే దానికే ఎక్కువ సేవ చేస్తున్నావ్" అనేవాడు భర్త. ఆమె ఊరెళ్తే నీళ్లు పోసేది మాత్రం అతనే.

నర్సరీ నడిపే చెల్లెలు చూసి ముచ్చటపడితే, దుబ్బు చీల్చి ఇచ్చింది.

"ఇంకెవరికీ ఇవ్వకే. మంచి పేరొకటి ఆలోచించి పెడదాం."

"నీ మాట ఎప్పుడు కాదన్నాను అక్కా."

ఆ ఏడు పూల ప్రదర్శనకి వెళ్తే, మొదటి బహుమతి బల్ల మీద తన తుంగ ఉంది. కింద అట్ట మీద, కనిపెట్టి పెంచినది చెల్లెలని రాసుంది. మొక్కకి చెల్లెలి కూతురి పేరు పెట్టారు. ఆమె రెండుసార్లు చదివింది.

చెల్లెల్ని పక్కకి పిలిచింది. "నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటావని." చెల్లెలు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అయినా ల్యాబ్ అటెండరు కనిపెట్టిందంటే ఎవరు పట్టించుకుంటారు చెప్పు?"

నర్సరీ పెట్టిన కొత్తలో నెల రోజులు సెలవు పెట్టి దానికి గుంతలు తవ్విపెట్టింది ఈ అక్కే. ఆ సంగతి నోటిదాకా వచ్చింది. బయటికి నడిచింది.

ఆదివారం టబ్బు బోర్లించి, దుబ్బుని కత్తితో ముక్కలు చేసింది. వీధిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, కాలేజీలో అందరికీ పంచింది. ఎక్కడ దొరికిందో, పచ్చ పిలకలు ఎలా పీకాలో చెప్పి మరీ ఇచ్చింది.

కొన్నాళ్లకి చెల్లెలు వచ్చింది. "ఏ గుమ్మంలో చూసినా అదే మొక్క. నన్ను నవ్వులపాలు చేశావక్కా."

"మొక్కలు పంచాను. నీ గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు."

చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. పంచేస్తే మనసు చల్లబడుతుందని అక్క అనుకుంది గానీ, ఆమెకి ఇంకా మండుతూనే ఉంది. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేకపోయింది.