స్టీరింగ్ లేని ఫోర్డు

అయినా సబ్బు వాసన ఎడమ పక్క నుంచే వచ్చిందని అంత ధీమాగా ఎలా చెప్పగలను? ఆరేళ్ల ముక్కుకి కుడి ఎడమలు తెలుస్తాయా? ముందు సీటు మధ్యలో ఉన్నాను, అది ఖాయం. ఒక పక్క నాన్న, గంజి పెట్టిన ఖాకీ చొక్కా. ఇంకో పక్క హోల్ట్ డాక్టరమ్మ, ఆసుపత్రి సబ్బు. వెనక సీటు నిండా మందుల పెట్టెలు. స్టీరింగ్ ఆ ఇద్దరిలో ఒకరి చేతుల్లో ఉంది. ఎవరి చేతుల్లోనో ముప్ఫై ఏళ్లుగా నాకు తెలుసు. పోయిన శనివారం నుంచి తెలియడం లేదు.

ఇప్పుడు ఆ స్టీరింగ్ నా చేతిలో ఉంది. పట్టకారు కొసన, కోటు గుండీ అంత. దీన్ని అతికిస్తే కారు పూర్తవుతుంది. 1949 నాటి ఫోర్డు, ఇరవై అయిదో వంతుకి కుదించినది. నల్ల రంగు ఎనిమిది పూతలు వేశాను. పూతకీ పూతకీ మధ్య నీళ్లలో తడిపిన సన్న కాగితంతో రుద్దాను. కిటికీల చుట్టూ మెరిసే పట్టీకి పల్చటి రేకు అంటించి, అంచులు బ్లేడుతో కోశాను. ఇంజన్‌కి తీగలు కూడా ఉన్నాయి. బానెట్ మూస్తే అవి ఎవరికీ కనపడవు. కనపడని చోట తప్పు ఉంటే నాకు నిద్ర పట్టదు. కనపడే చోట ఇంత పెద్ద తప్పు ఉండవచ్చని మాత్రం నెల రోజుల పాటు తోచలేదు.

అమెరికాలో, ఎడిసన్‌లో మా గరాజ్‌లోకి అసలు కారు రాదు. అది బయట వానకి తడుస్తుంది. లోపల బల్ల మీద నలభై పాత కార్లు పొడిగా ఉంటాయి. నిజం కారుకి ఆయిల్ మార్పించడానికి తీరిక ఉండదు గాని బొమ్మ కారుకి సైలెన్సర్ తుడుస్తారు అని నా భార్య రూతు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఈ పనిలో ఒక సుఖం ఉంది. పెట్టెలో అన్ని ముక్కలకీ నంబర్లుంటాయి. ఏది ఎక్కడ అతకాలో కాగితం మీద బాణం గుర్తులతో చూపిస్తారు. మనిషి తల లోపలికి అటువంటి కాగితం ఎవరూ వేసి ఇవ్వలేదు.

ఒకప్పుడు మా ఊరి మిషన్ ఆసుపత్రి నడిపిన హోల్ట్ డాక్టరమ్మ ఒహాయో నుంచి వస్తోందని పాస్టర్ జోసఫ్ గారు చెప్పింది ఈస్టర్ తర్వాత. మా తెలుగు సంఘం మూడో వార్షికోత్సవానికి ఆవిడే ముఖ్య అతిథి. శాలువా కప్పితే ఆవిడేం చేసుకుంటుంది, మీ నాన్నగారు ఆవిడ దగ్గర డ్రైవర్ కదా, మీ చేతి పని ఏదైనా ఇవ్వండి అన్నారు. ఆవిడ కారే చేసి ఇస్తానన్నాను. అందరూ సంతోషించారు. ఆవిడ పంపిన ఫీజులతో చదువుకున్నవాడిని, అంతకన్నా తగిన కానుక ఏముంటుంది?

ఆ కారు కిందనే ఒక మనిషి కాలు పోయిందని అక్కడ ఎవరికీ తెలియదు. యాభై మూడులో, పొన్నూరు రోడ్డు మీద, నేనూ కార్లో ఉండగా. గడ్డి వేసుకున్న ఎడ్లబండిని దాటబోతే ఎదురుగా సైకిల్ మీద బట్టల మూటతో ఒకాయన వచ్చాడు. పోలీసులు వచ్చినప్పుడు బండి నా చేతిలో ఉంది, తప్పు నాదే అని నాన్న అన్నాడు. ఆ వారంలోనే పని మానేశాడు. తర్వాత సైకిళ్లకి పంక్చర్లు వేస్తూ బతికాడు. మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. కాలు పోయిన బట్టలాయన మా కొట్టు ముందు నుంచి వెళుతుంటే నాన్న లేచి నిలబడేవాడు, కర్ర చప్పుడు మలుపు తిరిగే దాకా.

ఈ కారు కట్టేటప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. పెట్టెలో వచ్చిన డ్యాష్‌బోర్డుకి మీటర్లు ఎడమ వైపున ఉన్నాయి. మన దేశంలో తిరిగిన కారు కదా అని రంపంతో రెండు ముక్కలు చేసి, మీటర్లు కుడి వైపుకి మార్చి అతికించాను. చెయ్యి దానంతట అదే చేసింది. ఈ దేశంలో పదకొండేళ్లుగా ఎడమ వైపు కూర్చుని డ్రైవ్ చేస్తున్నాను. కలలో మాత్రం ఇప్పటికీ అందరూ కుడి వైపే కూర్చుంటారు.

పోయిన శనివారం ఒక డైనర్ హోటల్ పార్కింగ్‌లో పాత కార్ల ప్రదర్శన ఉంటే కొలతలు చూసుకుందామని వెళ్లాను. అచ్చం అదే ఫోర్డు, అదే నలుపు. దాని యజమాని ముసలాయన, తలకి బేస్‌బాల్ టోపీ. నా చేతిలో ఉన్న బొమ్మ కారు లోపలి భాగం చూసి మీటర్లు అటెందుకు పెట్టావని నవ్వాడు. ఇండియాలో తిరిగిందని చెప్పాను. అక్కడ కొన్నదా, ఇక్కడి నుంచి తీసుకెళ్లిందా అని అడిగాడు. ఇక్కడిదైతే స్టీరింగ్ ఎడమ వైపే ఉంటుందయ్యా అన్నాడు.

ఓడలో వచ్చింది. ఆ మాట ఆసుపత్రి ఆవరణలో వందసార్లు విన్నాను. వాళ్ల ఊరి సంఘంవాళ్లు చందాలు వేసుకుని కొన్న కారు, మద్రాసు రేవులో క్రేన్‌తో దింపారట. వంద సార్లు విన్నాను, ఒక్కసారి కూడా దాని అర్థం అందలేదు.

స్టీరింగ్ ఎడమ వైపు. సబ్బు వాసన ఎడమ వైపు. అంటే నడిపింది ఆవిడ. అంటే నాన్న ఆవిడ తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. అంటే ప్రతి జూన్‌లో వచ్చిన ఆ ఫీజు ఏమిటి?

ముసలాయన్ని అడిగి ఆ కారు ముందు సీటు మధ్యలో కూర్చున్నాను. ముప్ఫై ఏడేళ్ల మనిషిని, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. కళ్లు మూసుకుంటే ముందు అద్దం గుర్తు రాలేదు. వెనక అద్దం గుర్తొచ్చింది. మందుల పెట్టెల మీదుగా, వెనక లేచే ఎర్ర దుమ్ము. సీటు మీద మోకాళ్లు వేసి వెనక్కి తిరిగి చూసేవాడిని. అలా తిరిగితే నా ఎడమ, కారుకి కుడి అవుతుంది. సబ్బు వాసన ఆ పక్కకి వెళ్లిపోతుంది, స్టీరింగ్ నాన్న చేతుల్లోకి వస్తుంది. ఆ రోజు ఎటు తిరిగి ఉన్నాను? సైకిలాయన భుజం మీద ఎర్ర తువ్వాలు ఉండేది. అది కార్లోంచి చూశానో, తర్వాత ఎవరైనా చెబితే చూసినట్టు అయిందో.

డ్యాష్‌బోర్డు మళ్లీ ఊడదీశాను. మీటర్లు నున్నగా గీకేశాను. రెండు వైపులా రెండు రంధ్రాలు వేశాను. స్టీరింగ్ ఏ రంధ్రంలో పెట్టినా పడుతుంది. కుడి వైపు పెడితే నాన్న తప్పుని అందరి ముందు నా చేత్తో అతికించినట్టు. ఎడమ వైపు పెడితే, ఏమీ తెలియకుండా ఆవిడ మీద నేరం మోపినట్టు. వారం తిరిగి మళ్లీ శనివారం సాయంత్రానికి కూడా చక్రం పట్టకారు కొసనే ఉంది.

రూతు వచ్చి నా భుజం మీద నుంచి చూసింది.

"ఏమండీ, రేపు ఫంక్షన్. ఇంకా స్టీరింగ్ పెట్టలేదే."

"ఎటు పెట్టాలో తెలియట్లేదు."

"ఆవిడ కారు కదా, ఆవిడనే అడగండి."

ఇంత తేలిగ్గా అంటుందేమిటని కోపం వచ్చింది. చక్రాన్ని అగ్గిపెట్టెలో వేసి, జిగురు ట్యూబు కోటు జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, అమెరికన్ల చర్చి కింద హాల్లో పులిహోర, కోడికూర. డాక్టరమ్మకి డెబ్బై ఆరేళ్లు. చేతులు వణుకుతున్నాయి, తెలుగు మాత్రం వణకడం లేదు. జోసఫ్ గారు కారు ఆవిడ ముందు పెట్టి, ఈయన కార్లు కొనరమ్మా, కట్టుకుంటారు అని నవ్వించి ఫోటోల కోసం వేరే బల్ల దగ్గరికి వెళ్లారు. ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. పైభాగం ఎత్తి లోపలి సీట్లు చూపించాను.

"స్టీరింగ్ ఏది, బాబూ?"

అగ్గిపెట్టె తెరిచి ఇచ్చాను. చక్రాన్ని రెండు వేళ్లతో తీసి, రెండు రంధ్రాలకేసి చూసింది. ఎందుకు రెండు అని అడగలేదు. ఎడమ వైపు దానిలో నిలబెట్టింది.

"ఇక్కడ. మీ నాన్న ఏసుపాదానికి ఇదే పెద్ద ఇబ్బంది. మన రోడ్ల మీద బండిని దాటాలంటే ఎడమ పక్క కూర్చున్నవాడికి ఎదురు వచ్చేది కనపడదు. కుడి పక్క నేను కూర్చుని, వెళ్లు, వద్దు అని చెప్పాలి."

ఆవిడ వేలు కుడి పక్క సీటు మీదకి వచ్చి ఆగింది.

"ఆ రోజు నేను చూడలేదు. నువ్వేదో అడిగావు. నీ వైపు తిరిగాను. వెళ్లమన్నానో, నీకే ఊ అన్నానో. అతను దాటేశాడు. ఈ మాట ఇన్‌స్పెక్టర్‌తో చెబుతానంటే మీ నాన్న వినలేదు. చేతిలో చక్రం ఉన్నవాడిదే తప్పన్నాడు."

"నేనేం అడిగాను?"

"గుర్తు లేదు, నాయనా. ఎన్నోసార్లు జ్ఞాపకం చేసుకోబోయాను. నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడివి."

ఏం అడిగి ఉంటాను? దుమ్ము ఎర్రగా ఎందుకుందనా? సీసాలో ఏముందనా? ఆరేళ్ల గొంతు నా లోపల ఎక్కడా దొరకడం లేదు. నాన్నకి మాత్రం తెలిసే ఉంటుంది. మా ఇద్దరి మాటా ఆయనకి పక్కనే వినపడింది కదా. అయినా నాతో ఒక్కనాడూ అనలేదు. చేతిలో చక్రం ఉన్నవాడిదే తప్పు అన్నప్పుడు ఆయన ఎవరిని వదిలిపెట్టాడు, ఆవిడనా, నన్నా? ఇద్దరినీనా? లేక అది నిజంగా నమ్మిన మాటేనా? ప్రతి ఆలోచనా కాసేపు నిలబడి పక్కకి ఒరిగిపోతోంది, జిగురు లేని చక్రంలాగే.

చక్రం నిజంగానే ఒరిగింది. ఆవిడ దాన్ని సరిచేయబోతే మళ్లీ ఒరిగింది.

నేను జేబులోంచి ట్యూబు తీసి మూత విప్పాను. ఎడమ రంధ్రంలో ఒక్క చుక్క వేసి, చక్రం నిలబెట్టి, జిగురు పట్టే దాకా వేలితో పట్టుకుని కూర్చున్నాను.