ఏడు మెట్లు వెనక్కి

కడలి అడుగున దాగిన వేదాలను వెదకి తెచ్చి, ఒక్క అక్షరమైనా చెదరకుండా బ్రహ్మదేవుని చేతికి అప్పగించిన హయగ్రీవస్వామికి మొక్కి, పోయిందనుకున్నది దొరికిన ఈ చిన్న కథను ఆరంభిస్తున్నాను.

ఒక కంపోజిటరు ఉండేవాడు. నలభై రెండేళ్ళు అచ్చుకూటంలో నిలబడి, గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరి వరుసలుగా పేర్చి, అచ్చు ముగియగానే దేని గడిలోకి దానిని తిరిగి వేసిన చేయి ఆయనది. ఒక వస్తువు ఒకచోట ఉంటే మరొకచోట ఉండదన్న నమ్మకం ఆయన ఎముకల్లోకి ఇంకిపోయింది.

ఆయన ఇల్లాలు పద్యాలు అల్లేది. బట్టలు ఆరవేస్తూ, పిల్లలను జోకొడుతూ, నూట ఎనిమిది పద్యాలు చెప్పింది. రాసుకున్న పుస్తకం ఒక వానకు తడిసి ముద్దయింది. గుర్తొచ్చినప్పుడల్లా ఆమె చెప్పగా, ఆయన రెండు వేళ్ళతో మూడేళ్ళపాటు కంప్యూటరులోకి ఎక్కించాడు. ఇప్పుడు మళ్ళీ చెప్పమంటే ఆమెకు సగమైనా తోచవు.

ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు వాటిని పుస్తకంగా అచ్చువేయించి చేతిలో పెట్టాలని, ఆమెకు తెలియకుండా, ఆయన పూనుకున్నాడు. పుట్టినరోజుకు ముందు ప్రెస్సులో యంత్రం ఒక్కరోజే ఖాళీ. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండులోగా పెన్‌డ్రైవు అక్కడ చేరాలి.

ఆ ఉదయం పదింటికి ఆయన పద్యాల ఫోల్డరును మౌసుతో పట్టి, పెన్‌డ్రైవువైపు లాగాడు. దారిలో వేలు జారింది. ఫోల్డరు మాయమైంది.

పావుగంట గడిచాక పక్కవీధిలోని మరదలికి ఫోను మోగింది. ముప్పయ్యేళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి విరమించిన మనిషి ఆమె.

"మరదలా, పరుగున రా. కొంప మునిగింది!"

"అయ్యో, అక్కకేమైంది?"

"మీ అక్క నిక్షేపంగా పెరట్లో ఉంది. మీ అక్క పద్యాలే లేవు."

ఆమె వచ్చి తెరమీద చూసి నివ్వెరపోయింది. ఉన్న ఫోల్డర్లు సగానికి సగం కనబడటంలేదు.

"ఇదేమిటి బావగారూ, ఇల్లు సర్దారా, దొంగలు పడ్డారా?"

"వెదికానమ్మా. ఒక్కొక్కదాన్నీ తీసి పక్కన పెట్టి, దాని కింద చూశాను."

బల్లమీద పడిన అక్షరాన్ని వెదికినట్టే వెదికాడు ఆ మహానుభావుడు! పక్కన పెట్టిన ప్రతిదీ మరో ఫోల్డరు కడుపులోకి దూరిపోయింది. మరదలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వు తల్లీ, నవ్వు. ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"ప్రాణం తర్వాత పోదురుగాని, ముందు కాస్త జరగండి. ఆ మౌసు వదలండి, మెడ పిసికేస్తున్నారు. దేన్నయినా చెరిపారా?"

"రామ రామ!"

"కంప్యూటరు ఆపారా?"

"లేదు."

"అయితే భయంలేదు. మీరు వేసిన అడుగులన్నీ దానికి గుర్తున్నాయి. ఒక్కొక్కటే వెనక్కి వేయిద్దాం."

ఆమె కంట్రోల్ మీద ఒక వేలు ఉంచి, మరో వేలితో జెడ్ నొక్కింది. పెళ్ళిఫోటోల ఫోల్డరు ఎక్కడినుంచో ఊడిపడి తన చోట నిలిచింది. మళ్ళీ నొక్కింది. మనవరాలి బొమ్మలు వచ్చాయి. ఇంటి కాగితాలు వచ్చాయి. అక్షరాలు తమ గళ్ళలోకి తామే నడిచి వెళుతున్నట్టుంది కంపోజిటరుకు. "ఇది దీని గడే! ఇదీ దీని గడే!" అంటూ చిన్నపిల్లవాడిలా చప్పట్లు చరిచాడు. ఆరు వచ్చాయి. పద్యాలు రాలేదు.

మరదలి వేలు మళ్ళీ లేచింది.

"ఆగవే! ఈసారీ రాకపోతే?"

"రాకపోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం. నేనూ ఏడ్చి చాలా రోజులైంది."

నొక్కింది. మందుచీటీల ఫోల్డరు కడుపులోంచి పద్యాలు బయటపడ్డాయి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని లెక్కపెట్టాడు. నూట ఎనిమిదీ ఉన్నాయి.

ఆనందం పట్టలేక ఆయన వేలు కంట్రోల్‌తో కలిపి ఎక్స్ నొక్కబోయింది. మరదలు చేతిమీద చిన్న దెబ్బ వేసింది.

"అది కోత, ఇక్కడివి ఊడిపోతాయి! నకలుకు సి నొక్కండి. పెన్‌డ్రైవులోకి వెళ్ళి వి నొక్కండి."

"అప్పుడు ఇక్కడివి?"

"ఇక్కడే ఉంటాయి."

"మరి అక్కడ?"

"అక్కడా ఉంటాయి."

"రెండుచోట్లా ఎలా ఉంటాయే? అన్ని అక్షరాలు ఎవరు పోతపోస్తారు?"

"ఒక్క కృష్ణుడు అంతమంది గోపికల పక్కనా నిలిచాడంటే కళ్ళు మూసుకుని నమ్మారు కదా! దీన్ని కళ్ళు తెరిచి చూడండి."

చూశాడు. ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. ముచ్చట తీరక మరో మూడుచోట్ల వి నొక్కి, మరదలు చేయి పట్టి లాగితేగాని కుర్చీ వదల్లేదు. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుండగా ప్రెస్సు మెట్లెక్కాడు.

పుట్టినరోజు ఉదయం ఇల్లాలు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తన పేరు అచ్చయిన చోట వేలితో రెండుసార్లు నిమిరింది. తరువాత పుటలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఏమండీ, నలభయ్యో పద్యంలో నేను 'తెల్లవారె' అన్నాను. మీరు 'తెల్లవారు' అని కొట్టారు."

మరదలు పగలబడి నవ్వింది. కంపోజిటరు ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. దిద్దడానికి పద్యాలున్నాయి, దిద్దించడానికి మనిషి ఉంది. అంతకంటే కావలసిందేముంది? కళ్ళద్దాలు సవరించుకుని, కుర్చీ లాక్కుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో పోయినవి దొరుకుగాక, ఉన్నవి నిలుచుగాక, ప్రేమతో చేసిన పని ఏదీ వృథా పోకుండుగాక!