రాకేశ్ సారు గుండె

ఉద్యోగుల ఆరోగ్యం మీద కంపెనీవాళ్లకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. కొండాపూర్ ఆఫీసులో అందరికీ చేతి గడియారాలు పంచారు. ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్లకు బహుమతి. అడుగులతో పాటు గుండె వేగాన్నీ ఆ గడియారం పసిగట్టి ఆఫీసు డాక్టరమ్మకు పంపుతుంది. మనుషుల్ని పొద్దస్తమానం కుర్చీలకు కట్టేసి, నడవరేమని అడగడం వీళ్లకే చెల్లింది.

టీమ్ లీడ్ రాకేశ్‌కు మీటింగుల నుంచి లేచే తీరిక లేదు. అడుగుల పట్టికలో తన పేరు అడుగున ఉంటే పరువు పోతుంది. ఆ అంతస్తు ఊడ్చి తుడిచే లక్ష్మమ్మను పిలిచాడు.

"అమ్మా, జర ఇది కట్టుకో. సాయంత్రం ఇచ్చెయ్."

అక్కడ చాలామంది చేస్తున్న పనే అది. మూసాపేట నుంచి వచ్చే లక్ష్మమ్మ, ఎలాగూ తిరిగే కాళ్లే కదా అనుకుంది. వారం తిరక్కుండా రాకేశ్ పేరు పైకెక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ నెలలోనే లక్ష్మమ్మను పనిలో పెట్టిన హౌస్‌కీపింగ్ ఏజెన్సీ మనుషుల్ని తగ్గించడం మొదలుపెట్టింది. ఎవరిని తీసేయాలన్నా సూపర్‌వైజర్ శివశంకర్ వాకీటాకీలోనే కిందికి పిలిచేవాడు. తన నడుముకున్న ఆ డబ్బా గరగరమంటే చాలు, లక్ష్మమ్మ గుండె దడదడలాడేది. చేతులు చల్లబడేవి. ఎడమ రొమ్ము కింద పట్టేసేది. గ్యాసనుకుని వాము నమిలేది. భర్త పోయాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. దవాఖానకు పోవాలంటే సెలవు పెట్టాలి. సెలవు పెట్టినవాళ్లనే ముందు తీసేస్తున్నారు.

ఒకరోజు డాక్టరమ్మ ప్రశాంతి రాకేశ్‌ను పిలిపించింది.

"కదలకుండా నిలబడ్డప్పుడు కూడా మీ గుండె ఇంత వేగంగా కొట్టుకుంటోందేమిటండి? లయ కూడా తప్పుతోంది. దేనికో బాగా భయపడుతున్నట్టున్నారు. ఇలాగే వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే పరీక్షలు చేయించుకోండి. జీతంతో సెలవు ఇప్పిస్తాను."

ఆ గుండె ఎవరిదో రాకేశ్‌కు తెలుసు. చెబితే ఒక ప్రాణం దక్కుతుంది, తన మోసం బయటపడుతుంది.

"కొంచెం పని ఒత్తిడండి" అన్నాడు. సిగ్గుండాలి.

సెలవు తీసుకున్నాడు. గడియారం తన చేతికే కట్టుకున్నాడు. పెద్దాసుపత్రి పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. తిరిగొచ్చిన రోజు డాక్టరమ్మ అందరి ముందు తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి సెలవుకు ముందు రాకేశ్ గుండె, ఇంకొకటి సెలవు తర్వాతిది. విశ్రాంతి ఎంత పని చేసిందో చూడమంది. అందరూ చప్పట్లు కొట్టారు. రాకేశ్ లేచి దండం కూడా పెట్టాడు.

టీ కప్పులు తీయడానికి వచ్చిన లక్ష్మమ్మ అతని పక్కన ఆగింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఇప్పుడు నిమ్మళమా సార్? మీకు గుండె బాగలేదంటే పరేషానైన. నయమైతే గుట్ట మీది నర్సింహసామికి మెట్లెక్కి వస్తనని మొక్కిన. ఆదివారం పోతున్న."

లక్ష్మమ్మ చెయ్యి చాచింది.

"గడియారం ఇయ్యున్రి, కట్టుకపోత. శాన మెట్లున్నయి, మీ లెక్కల పడతయి గద."

రాకేశ్ చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కున్నాడు.

"ఇగ వద్దులే అమ్మా" అన్నాడు.

ఆమె నడుముకున్న వాకీటాకీ గరగరమంది. శివశంకర్ పిలుస్తున్నాడు. లక్ష్మమ్మ ఒక చేత్తో ట్రే ఎత్తుకుని, ఇంకో చెయ్యి రొమ్ము మీద అదిమి పట్టుకుని గబగబా నడిచింది.