నిన్నటి బండి

స్తెఫను చెరుకు బండి నారాయణఖేడ్ కాటా యార్డులకు నిన్న సాయంత్రం నాలుగు ఇరవైకి వచ్చింది. చేతిల ఉన్న చీటీ సుత గదే చెప్తుంది. ఇవాళ మూడు దాటింది. బండి మాత్రం ఉన్నకాడ్నే ఉంది.

ఈ ఏటికి ఇవాళ్టితోటి ఫ్యాక్టరీ బంద్. ఐదింటికి ఆఖరి లారీ పోతది. దాంట్ల పడకపోతే ఏడాదంత కావలి కాసి పెంచిన రెండు గుంటల చెరుకు ఇగ పొయ్యిలకే.

పోయినేడు దాకా చీటీలు తీగకు గుచ్చేటోళ్లు. ముందొచ్చినోడు ముందు తూకమేసుకొని పోయేటోడు. ఈ ఏడు కంప్యూటర్ పెట్టిన్రు. కిటికీ లోపల గుమాస్తా సంగమేశ్వర్ దాన్ని చూసుకుంట నంబర్లు పిలుస్తుండు.

తూకమై చాయ తాగుతున్న ట్రాక్టర్ వాజిద్ నవ్విండు. "ఏం స్తెఫనన్నా, బండికి వేర్లు దిగినయా?"

"నువ్వెప్పుడొచ్చినవ్‌రా?"

"పొద్దుగాల ఏడు పదికి."

"నేను నిన్నొచ్చిన."

వాజిద్ నవ్వు ఆగిపోయింది. స్తెఫను వాని చీటీ గుంజుకున్నడు. వరుసల ఉన్న ఇంద్రమ్మ చీటీ చూసిండు. ఇవాళ రెండు యాభై. పిలుపు అందినోళ్లందరిదీ సాయంత్రం నాలుగు ఇరవై లోపటి టైమే. నాలుగో తరగతిల బడి ఇడిసినోనికి సుత సమజైంది. సక్కగ కిటికీ కాడికి పోయిండు.

"సంగమేశ్వరూ, నీ డబ్బకు గడియారం ఎరికే గని తారీఖు ఎరికలేదు."

"దానికి నీకంటే ఎక్కువ చదువొచ్చులే. నాలుగు ఇరవై కంటే రెండు యాభై ముందే గదా?"

"నిన్న పుట్టినోడు ఇవాళ పుట్టినోనికి తమ్ముడైతడారా?"

యార్డంత గొల్లున నవ్వింది. సంగమేశ్వర్ మొకం మాడ్చుకొని, ప్రోగ్రాం రాసిన హైదరాబాద్ పిలగానికి ఫోన్ కొట్టిండు. పెట్టేసినంక గొంతు తగ్గింది.

"రోజు సాయంత్రానికి యార్డు ఖాళీ అయితదని ఇక్కడి నుంచే చెప్పిన్రంట. గందుకే టైం ఒక్కటే చూసేటట్టు రాసిండంట. రేపు సరిచేస్తడంట."

"రేపు మీ ఫ్యాక్టరీ ఉంటదా? ఖాళీ అయితదని ఎవడు చెప్పిండు?"

సంగమేశ్వర్ కంప్యూటర్ దిక్కు తిరిగిండు. ఆరేండ్ల సంది, వంతు రాని రాత్రి స్తెఫను గీ యార్డులనే బండి కింద గోనెసంచి కప్పుకొని పంటుండు. పొద్దుగాల నల్ల కాడ మొకం కడుగుతుంటే గీ కిటికీల నుంచే చూస్తరు. చూసి, ఎవ్వడు లేడని చెప్పిన్రు.

"కోపమెందుకే," అన్నడు సంగమేశ్వర్. "బండి బయటికి తీసి మళ్ల లోపలికి రా. కొత్త చీటీ ఇస్త, జల్దీ పిలుస్తది."

"అంటే నిన్న నేను రాలేదని ఒప్పుకోవాల్నా?"

స్తెఫను ఎడ్లను అదిలించి బండి కాటా మీదికి తోలిండు. వంతు ఇంద్రమ్మది. ఆమె తన ఎడ్ల పగ్గాలు బిగబట్టి, "పోనియ్యన్నా, నిన్నటోనివి నువ్వే ముందు," అన్నది. స్తెఫను బండికి ముందర కర్ర ఆనిచ్చి, ఎడ్లను ఇడిసి గోడకు కట్టేసిండు.

"ఇప్పుడు పిలువు, ఎవన్ని పిలుస్తవో!"

లారీ డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టిండు. "సార్‌కు చెప్త," అని సంగమేశ్వర్ ఎగిరిండు.

"చెప్పు. సార్‌ను రాత్రికి గీ బండి కిందనే పండమను. అప్పుడు తెలుస్తది ఖాళీయో కాదో."

పావుగంట గడిచింది. ఆఖరికి సంగమేశ్వర్ పోయినేటి రిజిస్టర్ దుమ్ము దులిపి, తూకం చూసి చేత్తోటి రాసిండు. హమాలీలు చెరుకు లారీకెక్కించిన్రు. ఉత్తబండి మాత్రం కాటా మీదనే ఉంది.

"ఎడ్లు కట్టుకో, నీది అయిపాయె గదా!"

"నాది అయింది. ఇంకెవలున్నరో అడుగు."

సంగమేశ్వర్ పండ్లు కొరికిండు. ఈ ఏడు మొదటిసారి కిటికీల నుంచి తల బయట పెట్టి అరిసిండు. "నిన్నటోళ్లు ఇంకెవలున్నరు?"

గోడ మూలకు, ఓ బండి కింద కెల్లి ముసలి గిద్యోను గోనెసంచి దులుపుకుంట లేసిండు. చీటీ పైకెత్తిండు. నిన్నటి నాలుగు యాభై.

అప్పుడు స్తెఫను ఎడ్లు కట్టనీకె పోయిండు.