లలితమ్మ దిగలేదు

తెల్లవారుజామున విచ్చుకున్న పత్తి పువ్వు చల్లగా ఉంటుంది.

చెవి తమ్మె అంత మెత్తగా... లేత పసుపుగా...

ఎండ ఎక్కితే వాడుతుంది. ఎవరు బతిమాలినా ఆగదు.

ఆ పొద్దు లలితమ్మ బుట్ట నిండా మగ పూలున్నాయి. పూలు గద్వాలకు అవతలి చేలోవి. వాటి కోసం ఎదురుచూసే ఆడ మొగ్గలు గద్వాలకు ఇవతలి చేలో ఉన్నాయి.

నడుమ — గద్వాల.

నిన్న సాయంత్రం పన్నెండు మంది ఆడవాళ్లు వంగిన నడుము ఎత్తకుండా మొగ్గల్లోని పుప్పొడి కేసరాలు ఒలిచేశారు. ఒలిచిన ప్రతి మొగ్గ పక్కనా ఎర్ర కాగితం గుచ్చారు. ఎండ ముదరకముందే మగ పువ్వు వచ్చి ఆ మొగ్గను తాకాలి. తాకితే విత్తనం. లేకపోతే పన్నెండు నడుముల నొప్పి మట్టిపాలు.

ఇవతలి చేలో మగ మొక్కలు వానకు కుళ్లిపోయాయి. రోజూ పూలు తెచ్చే ఆటో ఈరోజు రాలేదు. చేను ఆసామి రాఘవేందర్ వనపర్తి పోయాడు.

"నేను తెస్త" అంది లలితమ్మ.

మిగతా పదకొండు మందీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సత్తెమ్మ.

"నువ్వు తెచ్చేసరికి పూలు కాయలై, పగిలి, దూది గూడ వస్తదక్కా!"

నవ్వడానికి కారణం ఉంది. నలభై ఎనిమిదేళ్ల లలితమ్మ మొన్నటి ఎండాకాలంలో సైకిలు నేర్చుకుంది. బాగానే తొక్కుతుంది. కానీ —

వెనక హారన్ మోగితే దిగిపోతుంది.

దిగి, సైకిలును అంచుకు లాగి, తల వంచి, ఆ బండి పోయేదాకా నిలబడుతుంది.

ఎవరూ నేర్పలేదు. గట్టు మీద ఆసామి ఎదురైతే వాళ్లమ్మ పక్క చేలోకి దిగి నిలబడేది. అమ్మమ్మా అంతే. అది కాళ్లకు తెలిసిన పని. ఆమెను అడగకుండానే దిగుతాయి.

గద్వాలలోనేమో — తుమ్ము వచ్చినా హారన్ కొట్టేవాళ్లే.

సైకిలు నేర్పింది యాదయ్య. ఒకప్పుడు అద్దె సైకిళ్ల కొట్టు నడిపిన ముసలాయన. ఆయన మాట నమ్మితే, ఒకసారి తుంగభద్ర నిండు వరదలో ఉండగా నీళ్ల మీదే సైకిలు తొక్కుకుంటూ అవతలి గట్టుకు పోయాడు. చక్రాలు తడవలేదు. నడుమ ఒక మొసలి వెనకనుంచి హారన్ కొట్టినా దిగలేదు.

"మొసలి హారన్ కొడ్తదా మామా?"

"నీ అసొంటోళ్లు దిగుతరని తెలిసే కొట్టింది బిడ్డా!"

మొసలిని పక్కన పెడితే, ఆయన చెప్పిన మిగతావన్నీ నిజాలే.

"అంచుకు పోకు. అంచుల ఇసుక ఉంటది, మురుగు పారే మోరి ఉంటది, ఆటోలకెళ్లి దిగేటోని కాలు ఉంటది. బారెడు లోపట తొక్కు. తిరిగేటప్పుడు జర ఎన్కకు చూడు, చెయ్యి చూపు, అప్పుడు తిరుగు. రోడ్డు ఎవ్వని అయ్య జాగీరు గాదు."

పోయేటప్పుడు గద్వాల ఇంకా నిద్ర లేవలేదు, ఒక్క హారనూ మోగలేదు. అవతలి చేలో పూలు నింపుకున్న బుట్టను లలితమ్మ హ్యాండిలుకు తగిలించలేదు. వెనక క్యారియరు మీద పాత ట్యూబుతో బిగించింది. చైనులో పడకుండా కొంగు నడుముకు చెక్కుకుంది. రెండు బ్రేకులూ నొక్కి చూసింది.

కదిలింది.

మొదటి హారన్... ఆటో. ఎడమ కాలు పెడలు అంచుకు జరిగింది.

దిగలేదు.

రెండో హారన్... ఆర్టీసీ బస్సు. వీపు మీద అరచెయ్యి పెట్టి నెట్టినట్టు. అంచు పిలిచింది — రా, ఇక్కడ నిలబడు, నీ చోటు ఇదే. అంచులో ఇసుక. అంచులో మోరి.

దిగలేదు. బస్సే కాస్త కుడికి జరిగి పోయింది.

పాత బస్టాండు దగ్గర తిరగాలి. వెనక్కి చూసింది. కుడి చెయ్యి చాచింది. నిండుగా, గాజులు గలగలమనేలా చాచింది. ఆ చెయ్యి చూసి కోట గోడ మీద పావురాలు కూడా ఎగరడం ఆపాయంటారు. పావురాల సంగతి ఏమో గానీ, ఆటోలు మాత్రం ఆగాయి.

ఇరుకు బజారు. ఇటు పండ్ల బండ్లు. అటు నిలిపిన మోటారు సైకిళ్లు. సందుల్లోంచి మగ్గాల చప్పుడు.

అప్పుడు మోగింది మూడో హారన్.

అది ఆమెకు తెలుసు. అది వినపడితే చేలో పన్నెండు నడుములూ ఒక్కసారే నిటారవుతాయి.

రాఘవేందర్ కారు. వనపర్తి నుంచి తిరిగొస్తున్నాడు.

కాలు పెడలు మీదినుంచి లేచింది. సగం దాకా... నేల దాకా రాబోయింది...

వెనక పూలున్నాయి. ముందు రోడ్డుంది. నడుమ తనుంది.

కాలు మళ్లీ పెడలు మీదికి వచ్చింది.

హారన్ మోగింది. తొక్కింది. హారన్ మోగింది. తొక్కింది. లలితమ్మ ముందు, కారు వెనక. బజారు పొడుగూతా అంతే. రాజుల కాలంలో ఊరేగింపుకు ఏనుగు ముందు నడిచినట్టు... కాదు, ఏనుగే వెనక నడిచినట్టు.

రోడ్డు వెడల్పయ్యాక తనే ఎడమకు జరిగింది. వెనక్కి చూడకుండా చెయ్యి ఊపింది.

ఇక పో — అన్నట్టు.

చేను చేరేసరికి రాఘవేందర్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. పదకొండు మందీ అతని ముఖం చూశారు, ఆమె ముఖం చూశారు.

"హారన్ ఇనపడలేదా లలితమ్మా?"

"ఇనపడ్డది పటేలా."

"మరి దిగలే?"

"మీ పూలే తెస్తున్న. దిగుకుంట నిలబడుకుంట వస్తే వాడిపోతుండె."

రాఘవేందర్ తల ఊపాడు. పూల కోసమేలే... అన్నట్టు. అతని ముఖం తేలికపడింది. ఆ మాట అక్కడే ఆగి ఉంటే అందరికీ బాగుండేది.

లలితమ్మ ట్యూబు ముడి విప్పింది. బుట్టను చంకకెత్తుకుంది. గట్టు సన్నగా ఉంది. గట్టుకు నడిమధ్యన ఆయన ఉన్నాడు.

"రేపు బుట్ట లేకున్నా దిగ" అంది.

సత్తెమ్మ చేతిలో మొగ్గ అట్లాగే ఉంది. ఎవరూ నవ్వలేదు.

లలితమ్మ అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. గట్టు దిగలేదు.

ఆయన ఇంకా జరగలేదు.

ఎండ ఎక్కుతోంది... ఆమె వేళ్ల నడుమ ఒక లేత పసుపు పువ్వు. చల్లగా — ఇంకా వాడకుండా.