హారన్‌లో గుడ్డ

వెనక్కి వస్తున్న లారీ రివర్స్ హారన్‌లో గుడ్డ కుక్కించింది ఎవరు? ఆసుపత్రి అడగలేదు, బీమావాళ్ళు అడగలేదు, ఫ్యాక్టరీ అసలే అడగలేదు. అడిగింది అక్క ఒక్కతే. చెప్పాల్సినవాడి నోట ఆమెకు జవాబు ఇంతవరకు రాలేదు.

అక్క ఇంట్లో మిషను పెట్టుకుని చొక్కాల కాలర్లు కుడుతుంది. లోపలి కుట్టును తిరగేసి చూసినట్టే మనుషుల మాటలనూ తిరగేసి చూస్తుంది కనుక వీధిలో ఆమెకు సీఐడీ అని పేరు. తమ్ముడు గాజుసీసాల ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలను లోపలికి పంపే మనిషి. సరుకు దించే అరుగు దగ్గర ఒక అద్దె లారీ వెనక్కి వచ్చి అతని కుడికాలిని అరుగుకు అదిమేసింది. ఆసుపత్రి ఖర్చూ, మంచం మీద ఉన్నన్నాళ్ళ సగం జీతమూ ఫ్యాక్టరీ భరించింది. ఇప్పుడు లారీ కంపెనీ రాజీకి దిగి పరిహారం ఇస్తానంది. ఆ డబ్బుతో రెండో ఆపరేషన్ చేయిస్తే తమ్ముడు కర్ర లేకుండా నడుస్తాడని డాక్టరు చెప్పాడు.

ఫ్యాక్టరీ మేనేజరు ప్రతి ఆదివారం ఆపిల్ పళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చేవాడు. కాలివైపు మాత్రం చూసేవాడు కాడు. వెళ్ళేముందు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎవరైనా వచ్చి వెళ్ళారా?" పరామర్శకు వచ్చినవాడికి ఈ కూపీ ఎందుకు? అక్క ఆ పళ్ళను ముట్టకుండా పక్కింటివాళ్ళకు పంచేసేది.

ఒకనాడు లారీ డ్రైవరే వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"అమ్మా, అద్దంలో సరిగ్గా చూసుకోలేదు. నా తప్పే, ఒప్పుకుంటా. కానీ హారన్ మోగలేదు. తర్వాత చూస్తే దాన్నిండా గుడ్డ కుక్కి ఉంది. అది నేను పెట్టింది కాదమ్మా."

మంచం మీది తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తిరగడం అక్క కంట పడింది. డ్రైవరు వెళ్ళాక మంచం పక్కన కూర్చుంది.

"ఒరేయ్, ఇటు తిరుగు."

"నిద్రొస్తోందక్కా."

"నీ దొంగనిద్ర నాకు కొత్తా? చిన్నప్పట్నుంచీ కాలివేళ్ళు ఆడిస్తూ దొరికిపోతూనే ఉన్నావు. ఆ గుడ్డ ఎవరిది?"

తమ్ముడు ఇటు తిరిగాడు. "నేనే పెట్టానక్కా. పైన ఆఫీసుకు పెద్దవాళ్ళొస్తే గోల వినపడకూడదంటారు. డ్రైవరు గేటుగదిలో సంతకం పెట్టేలోపు హారన్‌లో గుడ్డ కుక్కాలి, బండి బయటికెళ్ళేటప్పుడు తీసెయ్యాలి. మేనేజరు గారు నోటితోనే చెబుతారు. ఆ రోజు అరుగు దగ్గర మనిషి లేకపోతే నన్నే పంపారు. ఇది బయటపడితే తప్పు నా నెత్తినే పడుతుందనీ, పరిహారం తగ్గిపోతుందనీ ఆయనే..."

"ఎప్పుడన్నాడు?"

"ఆసుపత్రిలో. నాకు మెలకువొచ్చిన రోజే."

"ఎంత తొందరో పాపం! నువ్వు కళ్ళు తెరిచేదాకా కాచుకుని కూర్చున్నాడన్నమాట."

ఆ ఆదివారం ఆపిల్ పళ్ళతో పాటు మేనేజరు తమ్ముడి సంతకం కోసం ఒక కాగితం తెచ్చాడు. మాట వెన్నలా ఉంది.

"పరిహారంలో మేం పెట్టిన ఖర్చు ముందు మాకు రావాలమ్మా. చట్టం ఇచ్చిన హక్కు. ఒకే దెబ్బకు రెండు చోట్లా తీసుకోకూడదు కదా. మిగిలిందంతా మీ తమ్ముడిదే."

"ఆ మిగిలినదాంతో ఆపరేషన్ అవుతుందా?"

"కర్రతో కూడా ఎంతమంది హాయిగా తిరగట్లేదమ్మా!"

"అయితే ఒక వారం మీరు తిరిగి చూపించండి. కర్ర మేమిస్తాం."

హక్కును అక్క కాదనలేదు. పరాయివాడి తప్పుకు తన జేబు ఖాళీ చేసుకున్న యజమాని, ఆ పరాయివాడు ఇచ్చే డబ్బులోంచి దాన్ని రాబట్టుకోవడం న్యాయమే. కానీ తప్పులో తనకూ పాలున్న యజమాని, ఏమీ ఎరగనట్టు అందరికంటే ముందు చెయ్యి చాపడం ఏ న్యాయం?

"మీ వాటా సంగతి లారీ కంపెనీ వకీలు ముందే తేల్చుకుందాం," అంది అక్క. "గుడ్డ పెట్టింది నేనేనని మావాడు చెబుతాడు. పెట్టించింది ఎవరో మీరు చెప్పండి."

మేనేజరు ముఖం పాలిపోయింది. "అలా చెబితే మీవాడికొచ్చేది కూడా తగ్గుతుందమ్మా. ఆలోచించుకోండి."

"తగ్గితే తగ్గనీయండి సార్," అన్నాడు తమ్ముడు. దెబ్బ తగిలాక అతను గొంతెత్తడం అదే మొదలు. "మీ వాటా ఎంత తగ్గుతుందో కూడా అక్కడే అడుగుదాం. పెట్టించింది ఎవరు సార్?"

మేనేజరు లేచి చెప్పులు వేసుకున్నాడు. పళ్ళ సంచి మాత్రం మరిచిపోకుండా పట్టుకెళ్ళాడు.

కాగితం బల్లమీదే ఉంది. తమ్ముడు సంతకం పెట్టలేదు. సాక్షి సంతకానికి వదిలిన చోటూ ఖాళీగానే ఉంది. ఇంతదాకా విన్న మీరే ఇప్పుడు ఆ సాక్షి. మనకెందుకులే అని తప్పుకోకండి. గుడ్డ పెట్టించింది ఎవరో ముందు ఆ యజమాని నోట చెప్పించండి. అంతవరకు ఆ డబ్బు మీద అతన్ని చెయ్యి వేయనివ్వకండి.