బూడిదయ్య చదువు

నాంపల్లి, ఆబిడ్స్ రెండూ కలిపి గాలించినా, ఆఫ్రికా చిలకకు చదువు చెప్పిన పంతులు నేనొక్కణ్ణే దొరుకుతాను. చదువంటే ఏదో రామరామ అనిపించడం కాదు, మూడు భాషల్లో తిట్టగలిగేంత చదువు. నమ్మకపోతే నా ఎడమచేతి చూపుడువేలు చూడండి, కొస లేదు. వెనకటి కాలంలో శిష్యుడు గురువుకు వేలు కోసిచ్చాడట. నా శిష్యుడు గురువు వేలే కొరికి తీసుకున్నాడు. కాలం మారిందనడానికి ఇంతకన్నా ఏం రుజువు కావాలి.

పోలీసు యాక్షన్ అయిన మూడు నాలుగేళ్లకు జరిగిన సంగతి ఇది. మా ఊరి బళ్లో నాలుగో క్లాసు దాకా చదివి, పంతులు బరికెకు జడిసి చదువు మానేసి, రెక్కలొచ్చాక పట్నం వచ్చి వామన్‌రావు సేట్ ఇంట్లో గేటు కాసే పనిలో కుదిరాను. సేట్‌కు ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉంది. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. దుకాణంలో ఆయనంత మెత్తని మనిషి ఉండడు. గిరాకీ ముందు నడుము వంచి వంచి మాట్లాడేవాడు. వంగిన ఆ నడుము ఇంటికొచ్చాక నిటారు కావాలంటే ఎవరినో ఒకరిని కొట్టాలి. భార్య వసుమతమ్మను కొట్టేవాడు, నన్ను కొట్టేవాడు, వంటమనిషి కొండమ్మను కొట్టేవాడు. ఎవరూ చేతికందకపోతే కుక్కను కొట్టేవాడు. అందుకోసమే ఒక పేము బెత్తం నూనె పట్టించి పెట్టుకున్నాడు.

కుక్క పేరు టైగర్. దూడంత ఉండేది. సేట్ వేలు చూపించి "పకడ్" అన్నాడంటే ఆ వేలు ఎవరి వైపుంటే వాళ్ల కండ పట్టేది. కొండమ్మ పిక్క మీద జామపండు కొరికినట్టు ఒక గుంట ఉండేది. అది పప్పులో ఉప్పెక్కువైన రోజు పడ్డ గుంట.

అటువంటి ఇంటికి వచ్చింది చిలక. నిజాం ఫౌజు రద్దయి పని పోయిన, ఆఫ్రికా మూలాలున్న ఒక సిద్దీ సిపాయి దాన్ని ఆబిడ్స్ దుకాణం ముందుకు తెస్తే, సేట్ ఒక పాత చేతిగడియారం ఇచ్చి తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి పంజరం మీది గుడ్డ తీయగానే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చిలకంటే పచ్చగా ఉండాలి, ముక్కు ఎర్రగా ఉండాలి. దీనికి ఒళ్లంతా బూడిద, ముక్కు నలుపు, ఉన్న ఎరుపంతా తోకలోనే.

"ఏంది సేట్, కాకిని బూడిదల పొర్లిచ్చి అమ్మిండా వాడు?" అంది కొండమ్మ.

బెత్తం ఆమె భుజం మీద పడింది. చిలక మెడ వంచి ఒక కంటితో బెత్తాన్ని, ఇంకో కంటితో సేట్‌ను చూసింది. కొండమ్మ భుజం రుద్దుకుంటూ వంటింట్లోకి పోయి, అక్కణ్ణుంచే దానికి పేరు పెట్టింది. బూడిదయ్య. అప్పట్నుంచి మాకు అది కాదు, వాడు.

సేట్ నన్ను పిలిచాడు. "దసరాకు గన్‌ఫౌండ్రీ బ్యాంకు నుంచి శ్రీపతిరావు సాబ్, ఇంకిద్దరు భోజనానికి వస్తున్రు. వాళ్లు గడప దాటంగనే గిది 'ఆయియే, తష్రీఫ్ రఖియే' అనాలె. అనకపోయినా, అదిగాక ఇంకేమన్న కూసినా, మెడ మెలేసి టైగర్‌కు ఏస్త. నేర్పే జిమ్మేదారి నీది. నువ్వు జర చదువుకున్నోనివి గద."

నాకు తెలిసిన చదువు ఒక్కటే రకం. మా పంతులు నాకు ఎక్కాలు చెప్పినట్టే వాడికీ చెప్పాను. పంజరం ముందు కూర్చుని "ఆయియే" అనడం, చువ్వల మీద చింతబరికెతో ఒకటి వెయ్యడం. వాడు మాట పలకలేదు సరికదా, రొమ్ము ఈకలు ఒక్కొక్కటే పీక్కోవడం మొదలుపెట్టాడు. పచ్చిమిరపకాయ తింటే చిలక నాలుక తిరుగుతుందంటారు కదా అని పెట్టాను. పచ్చిమిరపకాయ నమిలి మింగి, ఇంకోటి లేదా అన్నట్టు చూశాడు.

"పసిపోరనికి మాట రాకుంటే ఏంజేస్తరు?" అంది కొండమ్మ. "వసకొమ్ము అరగదీసి నాలికెకు రాస్తరు. వీనికి గూడ రాయి."

సాన మీద వస అరగదీసి, తేనె కలిపి, చూపుడువేలికి అద్దుకుని చువ్వల సందులోంచి పెట్టాను. "నోరు తెరువు కొడుకా" అన్నాను. తెరిచాడు. మూశాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు వినబడింది, నొప్పి ఆ వెనక వచ్చింది. నెత్తురు తేనెతో కలిసి మోచేతి దాకా కారింది. నేను నేల మీద పడి గిలగిల కొట్టుకుంటుంటే టైగర్ వచ్చి ఆ నెత్తురు నాకడం మొదలుపెట్టింది. బూడిదయ్య నా వేలికొసను ముక్కుతో అటూ ఇటూ తిప్పి, రుచి నచ్చక కిందికి ఉమ్మేశాడు.

కొండమ్మ గాయంలో పసుపు కూరి, చెంగు చింపి కట్టింది. కడుతూనే నవ్వింది. "వస రాయమన్న గని వేలు పెట్టుమన్ననా? నెమలీకతోని రాయాలె."

"గది ముందుగాల చెప్పాలె గద."

"అడిగినవా?"

ఇంక దాచి లాభం లేదు. నేను వాడికి నేర్పింది గుండుసున్న. ఉర్దూ, తన దేశపు భాష, రెండూ వాడు సిపాయి ఇంట్లోంచే మూటగట్టుకుని వచ్చాడు. మాతో మాట్లాడ బుద్ధికాక ఊరుకున్నాడంతే. మూడోదైన తెలుగు కొండమ్మ దగ్గర అబ్బింది. నా చెయ్యి కట్టులో ఉందని ఆమె పంజరాన్ని వంటింట్లో తగిలించుకుంది. పని చేసుకుంటూ వాడితో ముచ్చట పెట్టేది. కొన్నాళ్లకు పోపు చిటపటలు, రోకటి పోటు, ఆమె దగ్గు అన్నీ వాడి గొంతులోంచి రావడం మొదలైంది.

"వానికి బరికె చూపియ్యకు," అంది నాతో. "నీకు బరికె చూపిస్తె చదువొచ్చిందా?"

నేను వేలి కట్టు సర్దుకున్నాను. అంతలో పంజరంలోంచి నా గొంతే వినబడింది. "కొండమ్మా, తిన్నవా?"

నేనూ ఉలిక్కిపడ్డాను, ఆమె కూడా ఉలిక్కిపడింది. "రోజు అడుగుతవు నువ్వు గీ మాట," అంది కొండమ్మ, పొయ్యిలోకి చూస్తూ. "నేను మనసుల పెట్టుకోలే. వాడు పెట్టుకున్నడు."

అంతవరకు బాగానే ఉంది. అయితే వాడు ఇంట్లో వినేది మంచి మాటలే కాదు కదా. ఒక పొద్దున నేను బెల్లం ముక్క దంచుదామని గూటం ఎత్తాను. పంజరంలోంచి సుయ్‌మని గాలి కోసిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే తోలు మీద పేము పడ్డ చప్పుడు. ఆ తర్వాత పళ్ల మధ్య అణిచిపెట్టిన ఒక ఆడమనిషి మూలుగు. అచ్చంగా వసుమతమ్మ గొంతు. టైగర్ తోక ముడిచి మంచం కిందికి దూరింది. వాడి కంటికి ఏదైనా పైకి లేస్తే చాలు, ఆ మూడు చప్పుళ్లూ వరసగా వచ్చేవి.

కొండమ్మ పంజరం మీద గుడ్డ కప్పి నా వైపు తిరిగింది. "గిది సేట్ ఇంటే వీని పానం పోతది సాయన్నా."

అప్పట్నుంచి వాడి ముందు మేము చెయ్యి పైకెత్తలేదు. దోసెడు జామపండు ముక్కలు పంజరం ముందు పెట్టి, ఆమె రోజూ వాడి ముందు వంగి, దండం పెట్టి, "ఆయియే, తష్రీఫ్ రఖియే" అనేది. కొండమ్మకు ఉర్దూ రాదు, వాడికి వచ్చు. అయినా ఆమె పలికినట్టే, ఆ యాసతోనే, దసరా ముందు రోజు అన్నాడు. కొండమ్మ కూలబడి ఏడ్చింది. నేను నా కట్టు వేలితోనే వాడి తల నిమిరాను. ఈసారి కొరకలేదు.

దసరా నాడు పంజరాన్ని ముందు గదిలో తగిలించాం, మధ్యాహ్నం బ్యాంకు వాళ్లు వచ్చారు. బూడిదయ్య మెడ వంచి, "ఆయియే, తష్రీఫ్ రఖియే" అన్నాడు. శ్రీపతిరావు పడీపడీ నవ్వాడు. సేట్ ముఖం వెలిగింది. "ఔర్ ఏక్ బార్ బోల్ బేటా," అని, పంజరం మీద తట్టడానికి సంబరంగా బెత్తం ఎత్తాడు.

సుయ్. ధప్. మూలుగు. ఆ రోజు ఇంకోటి కూడా కలిసింది, సేట్ సొంత గొంతు. "ఏడ్చినవంటే పీక పిసుకుత."

మిఠాయి పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ వసుమతమ్మ చెంగు భుజం మీదికి లాక్కుంది. ఆ లాగడమే వచ్చినవాళ్ల కళ్లను అటు తిప్పింది. చెవి కింది నుంచి వీపు మీదికి పోయిన వాత అందరికీ కనబడింది. శ్రీపతిరావు ఆమెను చూశాడు, బెత్తాన్ని చూశాడు. "పేము మంచిదే కొన్నవు వామన్‌రావ్. చప్పుడు జోరుగ వస్తున్నది," అని లేచాడు. వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"గేటెయ్," అన్నాడు సేట్ నాతో. వేసి వచ్చేసరికి పంజరం తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. బూడిదయ్య ఆయన బొటనవేలు పట్టి గోరు దాకా చీల్చాడు. తెల్ల షేర్వానీ మీద నెత్తురు చిమ్మింది. వేలికి వేలాడుతున్న వాణ్ణి సేట్ గోడకేసి కొట్టాడు. ఒకసారి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. రెక్క ఎముక ఎండుపుల్లలా విరిగింది. వాడు నేల మీద పడ్డాడు. సేట్ బూటుకాలు ఎత్తాడు.

కొండమ్మ వచ్చి వాడి మీద బోర్లా పడింది. బూటు ఆమె పక్కటెముకల్లో దిగింది. ఆమె లేవలేదు. బెత్తం దిగడం మొదలైంది. ముందు వీపు మీద, తర్వాత తల మీద. చెవి చీలింది, చెంప పగిలింది. ఒక్కో దెబ్బకూ ఆమె ఇంకా చిన్నగా ముడుచుకుని వాణ్ణి కప్పుకుందే తప్ప చెయ్యి అడ్డం పెట్టలేదు.

నేను వెనక నుంచి బెత్తం పట్టుకున్నాను. సేట్ తలతో నా నోటి మీద పొడిచాడు. ముందు పళ్లు రెండు నాలుక మీదికి వచ్చాయి. చిలక కొరికిన వేలు ఎక్కడుందో ఆయనకు తెలుసు, దాన్నే పట్టుకుని మెలిపెట్టాడు. నేను మోకాళ్ల మీద పడగానే కడుపులో తన్నాడు. గడపకు తల తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. వసుమతమ్మ గోడకు అంటుకుపోయి నిలబడింది.

"టైగర్," అని పిలిచాడు సేట్.

కుక్క మంచం కింది నుంచి వణుకుతూ వచ్చింది. సేట్ వేలు కొండమ్మ మెడ వైపు లేచింది. అంతలో, కొండమ్మ కడుపు కింది నుంచి, సేట్ గొంతే, ఉన్నదున్నట్టు, "టైగర్, పకడ్" అంది. సేట్ తన గొంతు తానే విని బిత్తరపోయి వేలు తన వైపు లాక్కున్నాడు. టైగర్ గాల్లోకి లేచి ఆ చేతినే పట్టుకుంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా కండ గుడ్డపేలికలా ఊడింది. ఎముక తెల్లగా కనబడింది. ఆ కుక్క తిన్న దెబ్బలన్నీ ఆ కోరల్లోకే వచ్చాయేమో, ఆయన్ను నేల మీద ఈడ్చింది, మిఠాయి పళ్లెం మీదుగా ఈడ్చింది. "ఛోడ్, ఛోడ్" అని, వదలమని సేట్ అరుస్తున్నాడు. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. చివరికి వసుమతమ్మ లోపలికి పోయి, బిందెడు నీళ్లు నింపుకుని, నింపాదిగా వచ్చి కుక్క మీద పోసింది.

సేట్‌ను జట్కాలో వేసి దవాఖానకు తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది, వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. మరునాడు పోలీసు అమీను వచ్చాడు. "కుక్కను కొండమ్మే ఉసిగొల్పిందని మీ సేట్ చెప్తున్నడు. ఏమంటరు?" అని అడిగాడు.

కొండమ్మకు ముఖం వాచి నోరు తెరుచుకోలేదు. నేను ముందు పళ్లు లేని నోటితో ఏదో అనబోయాను. వసుమతమ్మ అడ్డం వచ్చింది. "చిలక అన్నది సాబ్. ఆయన గొంతుతోని అన్నది. నేను నా చెవులార విన్న."

"చిలకనా?"

"ఔ."

అమీనుకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నిజమో కాదో చూద్దామనుకున్నాడేమో, కొండమ్మ ఒళ్లో గుడ్డలో చుట్టి ఉన్న బూడిదయ్య మీదికి తన లాఠీ ఎత్తాడు. వాడు ఒక కన్ను తెరిచాడు. సుయ్. ధప్. మూలుగు. "ఏడ్చినవంటే పీక పిసుకుత."

అమీను లాఠీ దించాడు. వసుమతమ్మ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "చిలకను జైల్ల పెట్టనీకి సర్కారు కాడ పంజరం లేదు," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మేము ముగ్గురం హిమాయత్‌నగర్‌లో ఒక కిరాయి గదికి చేరాం. వసుమతమ్మే గేటు తీసి పంపింది. కొండమ్మ వాడి రెక్కకు వెదురు పుల్ల కట్టింది. రెక్క వంకరగానే అతికింది, వాడు మాత్రం బతికాడు. మరుసటి ఏడాది మేమిద్దరం మనువాడాం.

ఇందులో వేలు నిజం, పళ్లు నిజం, కుక్క నిజం, వసుమతమ్మ బిందెడు నీళ్లు నిజం. ఒక్కటి మాత్రం అల్లిన మాట. అమీనుకు వసుమతమ్మ చెప్పిన మాటనే పట్టుకుని ఇన్నేళ్లూ అందరికీ అట్లాగే చెబుతూ వచ్చాను. సేట్ లేడు, ఆ ఇల్లూ లేదు. "ఇంకెవడొస్తడు అడగనీకి, రాసుకో," అని కొండమ్మ సెలవిచ్చింది కాబట్టి రాస్తున్నాను. టైగర్ సేట్ మీదికి దూకిన ఆ గడియలో బూడిదయ్యకు తెలివి లేదు, వాడి నోట గాలి కూడా రాలేదు. సేట్ కూడా వేలు వెనక్కి తీసుకోలేదు. కొండమ్మ కింద పడి ఉండే తల తిప్పి, రోజూ కుక్కకు అన్నం ముద్ద పెట్టే చేతిని సేట్ వైపు చాపి, "టైగర్, పకడ్" అంది. సొంత గొంతుతోనే, "రా, తిను" అన్నంత మెల్లగా.